బెండకాయకు ఆదివారం తెలియదు: ఉమ్మడి కూరగాయల తోటలో ఎండాకాలం చివరి ఆరు వారాలు

2023 మే 14. ఆదివారం పొద్దున హాస్టల్‌కు పంపిన బెండకాయల బుట్ట మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. బుట్టతోపాటు అక్కడి వంటమ్మ అన్న మాటా వచ్చింది: "ఇవి కూరలోకి కాదమ్మా, పొయ్యిలోకి పనికొస్తాయి." ఒక కాయ తీసి కొన విరిచి చూశాను. విరగలేదు, వంగింది. ఇంకొకటి తీశాను, అదీ అంతే. బుట్టలో సగానికి పైగా కట్టెలే.

ఆ పొద్దున తోటకు ముప్పై మంది వాలంటీర్లు వచ్చారు. ఫొటోలు దిగారు, బాగానే కష్టపడ్డారు, బెండకాయలు కోసింది కూడా వాళ్లే. అంతమంది వచ్చినా పంట చెడింది. ఎందుకో వెతుక్కుంటూ వెళ్లిన ఆరు వారాల అనుభవం ఇది. తోటల్లో వాలంటీర్లతో పనిచేసేవాళ్లకు, ముఖ్యంగా వేసవి చివర్లో, ఇందులో ఒకటి రెండు విషయాలు పనికొస్తాయని రాస్తున్నాను.

తోట సంగతి క్లుప్తంగా. హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో రెండెకరాల ఎర్రనేల. కొన్ని కుటుంబాలం కలిసి కౌలుకు తీసుకున్నాం. ఒక బోరు, మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్, నీడకు చిన్న షేడ్‌నెట్, పాత రేకుల షెడ్డు. పండినదాంట్లో కొంత మేం తీసుకుంటాం, మిగతాది దగ్గర్లోని ఒక హాస్టల్ వంటింటికి వెళుతుంది. రోజూ పని చూసుకునే మనిషి ఒక్కరే, పక్క ఊరి అవ్వ. ఆమెకు నెల జీతం. మిగతా పనంతా ఆదివారం నగరం నుంచి వచ్చే వాలంటీర్లదే. నేను వ్యవసాయం చదువుకున్నదాన్ని కాను. కొన్నేళ్లు ఊళ్లలో రైతులతో పనిచేసి, ఈ తోట బాధ్యత నెత్తిన వేసుకున్నాను.

మర్నాడు సోమవారం, ఆ బుట్ట సంగతి అవ్వకు చెప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "గీ బెండకాయలు ఆదివారం దాకా ఆగుతయా బిడ్డా? వాటికేమెరుక నీ ఆదివారం?" అంది.

లెక్క చూస్తే అంతే. బెండ పూవు విచ్చిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో కాయ కోతకొస్తుంది. ఎండలు ముదిరితే ఇంకా తొందరపడుతుంది. అందుకే రైతులు రోజు విడిచి రోజు కోస్తారు. మంగళవారం కోయాల్సిన కాయ ఆదివారానికి కట్టె కాక ఏమవుతుంది? నష్టం అక్కడితో ఆగదు. ముదిరిన కాయ చెట్టు మీద ఉన్నంతకాలం చెట్టు తన బలాన్ని గింజకు పెడుతుంది, కొత్త పూత తగ్గిస్తుంది. వారానికోసారి కోసి "ఈ ఏడు బెండ సరిగా కాయలేదు" అనుకుంటూ వచ్చాం మేం.

అదే సోమవారం ఇంకో సంగతి కళ్లపడింది. పొద్దున ఏడింటి నుంచి అవ్వ చేస్తున్నదంతా ఆదివారం జరిగిన పనిని సరిదిద్దడమే. వాలంటీర్లు నేల తడి ఆరకుండా ఎండుగడ్డి పరిచి మల్చింగ్ వేశారు, బాగుంది. కానీ మొక్కల మొదళ్లకు అదిమి వేశారు. మా ఎర్రనేలలో ఎండాకాలం చెదలు ఎక్కువ. మొదలుకు ఆనుకున్న ఎండుగడ్డి అంటే చెదలను పిలిచి విందు పెట్టడమే. అవ్వ ఒక్కో మొక్క దగ్గరా కూర్చుని గడ్డిని నాలుగు వేళ్ల దూరం జరుపుతోంది. కలుపు పేరుతో గోంగూర నారు ఒక సాలంతా పీకేశారు. తుంగను మాత్రం పైపైన తెంపి వదిలేశారు. కింద గడ్డ ఉన్నంతవరకు తుంగకు అది క్షవరం చేయించుకున్నట్టే, వారంలో మళ్లీ లేస్తుంది. సాళ్ల వెంట పరిచిన సన్నటి డ్రిప్ పైపులు, అంటే లేటరల్ పైపులు రెండు కాళ్లకు తగిలి పక్కకు జరిగాయి, ఆ సాళ్లకు ఆ రాత్రి నీళ్లే అందలేదు.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్ పెట్టాను. అందులో ఒకటే లెక్క: ఆదివారం పనిని సరిచేయడానికి సోమవారం అవ్వకు ఎన్ని గంటలు పట్టింది? అంతకుముందు నేను లెక్కపెట్టింది ఎంతమంది వచ్చారు, ఎన్ని మడులు శుభ్రమయ్యాయి అన్నది. మా వాట్సాప్ గ్రూపులో అవే గొప్పగా పెట్టుకునేవాళ్లం. మొదటి సోమవారం లెక్క ఐదు గంటలు. జీతమిచ్చి పెట్టుకున్న మనిషి సగం రోజుకు పైగా మా సేవను సవరించడంలోనే పోయింది.

నీళ్లు

మే మూడో వారానికి అందరికీ ఒకటే టెన్షన్: బోరు ఎండిపోతోంది. తోట చివరి సాళ్లలో వంగ, బీర వాడిపోతున్నాయి. ఇంకో బోరు వేయిద్దామని ఒకరు, ట్యాంకర్ తెప్పిద్దామని ఇంకొకరు. చందాల దాకా వెళ్లింది మాట. అవ్వ మాత్రం "ముందుగాల నీళ్లు యాడికి పోతున్నయో సూడుండ్రి" అంటూనే ఉంది.

21వ తేదీ ఆదివారం వాలంటీర్లకు ఇచ్చిన పని అదే. ఒక్కొక్కరికీ ఒక్కో లేటరల్ పైపు. మోటారు ఆన్ చేసి, పైపు వెంట మెల్లగా నడుస్తూ, నీటి చుక్కలు కారే డ్రిప్పర్లలో నీళ్లు రాని ప్రతిదాని దగ్గరా ఒక పుల్ల గుచ్చాలి. వంగి పనిచేయలేనివాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు కూడా చేయగల పని ఇది. గంట తర్వాత చూస్తే తోట నిండా పుల్లలే, పైపుల చివరికి వెళ్లేకొద్దీ మరీ ఎక్కువ. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లగా పేరుకుంది. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి. మోటారు దగ్గరి ఫిల్టర్ విప్పితే లోపలి జాలీ పాచితో, ఇసుకతో మూసుకుపోయి ఉంది. దాన్ని ఎవరు ఎప్పుడు కడిగారో మాలో ఒక్కరికీ గుర్తు లేదు. అది అందరి పని, అందుకే ఎవరి పనీ కాలేదు.

జాలీ కడిగి, ప్రతి పైపు చివర ఎండ్ క్యాప్ తీసి, మురికి నీరు పోయి తేట నీరు వచ్చేదాకా వదిలాం. అప్పటికీ తెరుచుకోని డ్రిప్పర్లను మార్చాం. బోరు తగ్గిన మాట నిజమే, మేలో తగ్గకుండా ఉంటుందా? కానీ చివరి సాళ్లు ఎండింది మాత్రం బోరు వల్ల కాదు. కొత్త బోరు మాట ఆ ఆదివారంతో ఆగిపోయింది. ఫిల్టర్ కడిగే పనికి ఒక పేరు రాసిపెట్టాం, అదీ వారం వారం మారకుండా ఒకే మనిషికి. తోటలో వంతులేసుకునే పనులు ఉండొచ్చు, ఇది మాత్రం వంతులకు లొంగదని నా అనుభవం.

ఎండ

ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది. మే 14నే పది గంటలప్పుడు ఒక కుర్రాడు కలుపు తీస్తూ తీస్తూ కూలబడిపోయాడు. తల తిరుగుడు, వాంతి. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ తాగిస్తే అరగంటలో తేరుకున్నాడు. అడిగితే తెలిసింది, తెల్లవారుజామున లేచి ఒక్క కాఫీ తాగి వచ్చాడట. తక్కినవాళ్లనూ అడిగాను, సగం మంది ఖాళీ కడుపుతోనే వచ్చారు. నగరం నుంచి గంట ప్రయాణం, పొద్దున్నే బయల్దేరాలి, టిఫిన్ ఎక్కడ తింటారు? తప్పు వాళ్లది కాదు, పిలిచిన నాది.

తర్వాతి వారం నుంచి మొదటి పని అంబలి తాగడం. ముందురోజు రాత్రి అవ్వ రాగి అంబలి కాచి పెడుతుంది, అందుకు వేరే డబ్బు ఇస్తాం. పొద్దున మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని అందరూ తాగాకే పనిముట్లు చేతికి. ఐదుముప్పావుకు మొదలు, ఎనిమిదిన్నరకు ఎండలో పని బంద్. ఎవరెంత ఉత్సాహంగా ఉన్నా సరే. తర్వాత ఉండేవాళ్లు షెడ్డు కింద చేసే పనే చేయాలి. నీళ్ల కుండ పక్కన ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటాయి. అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడినా మా వైద్యం వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలని గోడ మీద పెద్దక్షరాలతో రాశాం. ఆ అవసరం రాలేదు.

"మూడు గంటల కోసం ఇంత దూరం రావాలా?" అని ఇద్దరు ముగ్గురు మానేశారు. మానేయనిచ్చాను.

షెడ్డు కింద చేసే పనుల్లో అందరికీ నచ్చింది వేపగింజలది. మే చివర నుంచి వేపపండ్లు రాలతాయి. పిల్లలు పొద్దున్నే చెట్ల కింద ఏరుకొచ్చేవాళ్లు. పెద్దలు గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి గోనెసంచుల్లో నింపేవాళ్లు. వానాకాలంలో రసం పీల్చే పురుగులకు వేపగింజల కషాయం కావాలంటే ఈ నాలుగు వారాల్లోనే ఏరుకోవాలి. ఐదు కిలోల గింజల పొడి నూరు లీటర్ల కషాయానికి సరిపోతుంది. సోమవారం లెక్కలో ఈ పనికి ఎప్పుడూ సున్నాయే. తప్పు చేయడానికి వీల్లేని పని దొరికితే దాన్ని వాలంటీర్లకు అట్టిపెట్టాలి.

నచ్చని పనుల్లో ముఖ్యమైనది టమాటా పీకడం. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. మావి ఆకు పచ్చగానే ఉన్నాయి, కాయ లేదు, రోజూ నీళ్లు తాగుతున్నాయి. తీసేద్దామంటే గొడవైంది. పచ్చటి చెట్టు పీకడం పాపమన్నారు ఒకరు. ఆ నీళ్లు దక్కక పక్క సాలులో వంగ చస్తోంది కదా, అది పాపం కాదా అన్నాను. మాట కాస్త కటువుగానే వచ్చింది. సగం సాళ్లు పీకి, నేల తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసేశాం. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచితే ఆ వేడికి పైమట్టిలోని కలుపు గింజలు, తెగుళ్ల బీజాలు చాలావరకు చస్తాయి. వచ్చే పైరుకు తయారయ్యే మడి అది.

ఇక బెండ

అన్ని రోజులూ కోయగలిగేవాళ్లు కావాలి. నగరం నుంచి మంగళవారం ఎవరొస్తారు? రెండు వారాలు తల పట్టుకున్నాక జవాబు గేటు ముందే నడుచుకుంటూ పోతూ కనిపించింది. మా తోట పక్క రోడ్డు మీద రోజూ పొద్దున వాకింగ్‌కు వచ్చే ఏడెనిమిది మంది ఉన్నారు. దగ్గర్లోని వెంచర్‌లో ఇళ్లు కట్టుకున్న రిటైరైనవాళ్లు. రోజూ కంచెలోంచి తోటను చూసి వెళ్లేవాళ్లే, మేమే ఎప్పుడూ లోపలికి పిలవలేదు. వాళ్లలో బడిపంతులుగా చేసిన ఒక పెద్దాయన్ని ఆపి అడిగాను: "మాస్టారూ, మంగళవారం, గురువారం ఓ అరగంట బెండకాయలు కోసిపెడతారా? మీ ఇంటి కూరకు కావలసినన్ని తీసుకెళ్లండి." ఆయన ఏమాత్రం ఆలోచించలేదు. "కొన విరిచి చూసి కోయాలి, అంతే కదా?" అన్నాడు.

అంతే. మే నెలాఖరు నుంచి మంగళ, గురువారాలు వాళ్లు, శనివారం అవ్వ కోశారు. బెండ నూగుకు చేతులు దురద పెడతాయని ఒకావిడ పాత సాక్సులు చేతులకు తొడుక్కుని వచ్చేది. మేం కొన్న గ్లౌజుల కన్నా అవే నయమని తేలింది. రెండో వారానికి హాస్టల్ వంటమ్మ బుట్ట తిప్పి పంపడం మానేసింది. కొన్ని చెట్లు మళ్లీ పూతకు వచ్చాయి. అన్నీ కాదు. అప్పటికే తెల్లదోమ వచ్చి కొన్నిటికి పల్లాకు తెగులు అంటించింది. ఈనెలు పసుపెక్కి, కాయలు కూడా పాలిపోయాయి. ఆ తెగులుకు మందు లేదు, పీకి దూరంగా కాల్చేశాం. తెల్లదోమ అంటుకుపోయే పసుపు జిగురు అట్టలు ముందే కట్టి ఉండాల్సింది. ఆ తప్పు ఎవరి మీదకూ నెట్టలేను.

ఆదివారం మనుషులకు ఆదివారం దాకా ఆగే పంటలు ఇవ్వాలన్నది నాకు అప్పుడే తట్టింది. పసుపు దోసకాయ ఆగుతుంది. గుమ్మడి నెలైనా ఆగుతుంది. గోంగూర వారానికోసారి కొనలు తుంచితే ఇంకా గుబురుగా వస్తుంది. తోటకూర మడులను వారం వారం విడివిడిగా విత్తుకుంటే ప్రతి ఆదివారం ఏదో ఒక మడి కోతకు ఉంటుంది. బెండ, గోరుచిక్కుడు, బీర మాత్రం ఊళ్లో ఉండేవాళ్ల పంటలు. విత్తనాలు కొనేటప్పుడు నేలను, నీళ్లను చూస్తాం కానీ, కోసే మనిషి ఏ రోజు వస్తాడో చూసుకోం.

కలుపు విషయంలో అవ్వ పద్ధతి మార్చింది. పని మొదలయ్యే ముందు ఐదు మొక్కలు పీకి చేతిలో పట్టుకుని ఒక్కోటీ చూపించేది: ఇది తుంగ, గడ్డతో సహా తవ్వాలి. ఇది వయ్యారిభామ, పూతకు రాకముందే పీకాలి, చేతులకు గుడ్డ చుట్టుకోవాలి. ఇది గోంగూర నారు, ముడితే ఊరుకోను. ఇంకో రెండిటిని మాత్రం పక్కన పెట్టేది: గంగవాయిలి, గలిజేరు. "గివి కలుపు కాదు, పప్పుల ఏసుకుంటరు." నీళ్లు పారే చోట ఎవరూ విత్తకుండానే మొలిచే కూరలు అవి. మన జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా రైతులు ఇలాంటి సాగుచేయని ఆకుకూరల విలువ గురించి ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. మా వాలంటీర్లకు మాత్రం అవ్వ ఒక ఆదివారం గంగవాయిలి పప్పు వండిపెట్టాకే నమ్మకం కుదిరింది.

జూన్ 5కి సోమవారం లెక్క గంటన్నరకు దిగింది. ఆ ఆదివారం వచ్చింది పద్నాలుగు మందే.

ఆ తర్వాత అసలు కష్టం వచ్చింది. రోహిణిలో రోళ్లు పగిలినా మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయన్న ధీమాతో మే చివరి వారంలో ప్రోట్రేల్లో, అంటే చిన్న చిన్న గుంటలున్న నారు ట్రేల్లో, వంగ, మిర్చి, టమాటా నారు పోసి పెట్టుకున్నాం. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు కేరళను తాకిందే జూన్ 8న. అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుఫాను. మిరుగు నాడు చేపలకూర అయితే తిన్నాం కానీ చుక్క వాన లేదు. మా వైపు వానలు వచ్చేసరికి జూన్ మూడో వారం దాటింది. మధ్యలో బడులు తెరిచారు, పిల్లలతో వచ్చే కుటుంబాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. జూన్ 18న వచ్చింది ఆరుగురు. నారు ట్రేల్లో సన్నగా, పొడుగ్గా సాగుతోంది.

వాన కోసం ఆగాలా, నాటాలా? వంగ, మిర్చి నారును నీళ్లు తగ్గించి, షేడ్‌నెట్ కింది నుంచి కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేస్తూ ఆపాం. టమాటా ఆగదు. దానికి ఒక సుగుణం ఉంది, కాండాన్ని లోతుగా పాతితే దాని వెంట కూడా వేళ్లు వస్తాయి. అందుకని సాగిన టమాటా నారును కింది ఆకులు తుంచి, లోతుగా, డ్రిప్ ఉన్న నాలుగు సాళ్లలోనే నాటాం. అదీ సాయంత్రం ఐదున్నర తర్వాత. పొద్దున నాటిన నారు మొదటి రోజే ఎండ దెబ్బ తింటుంది. సాయంత్రం నాటితే ఒక రాత్రి తేరుకునే టైం దొరుకుతుంది. ఆదివారం పొద్దున వచ్చే ఆరుగురిని సాయంత్రం రమ్మంటే నలుగురు వచ్చారు, వాకింగ్ మాస్టారి బృందం ఐదుగురు కలిశారు. ఆ తొమ్మిది మంది చీకటి పడేదాకా నాటిన మొక్కల్లో చనిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మర్నాడు సోమవారం లెక్క పావుగంట. అదీ ఎవరో వదిలేసి వెళ్లిన పార కడగడానికి.

ఇంతా రాశాక మా పద్ధతి వల్లే జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. బెండ సాళ్లలో ఒకటి హైబ్రిడ్ కాదు, అవ్వ ఇంటి విత్తనం. అందులో తెగులు సోకని ఐదు చెట్లు చూసి, విత్తనానికని వాటి కాయలు ముదరడానికి వదిలేసింది. గుర్తుకు ఒక్కో చెట్టుకూ ఎర్రగుడ్డ పీలిక కట్టింది. నేనేమో అందరికీ ఒకటే పాట పాడాను కదా, ముదిరిన కాయ చెట్టు మీద ఉండకూడదు, కనిపిస్తే కోసేయండి అని. జూన్ 25న కొత్తగా వచ్చిన ఇద్దరు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఐదు చెట్లూ ఖాళీ. సగం ఎండిన కాయలు ఎరువు గుంతలో దొరికాయి, గింజ ఇంకా పచ్చిగా ఉంది.

అవ్వ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, తమ ఊళ్లో చెల్లెలి దగ్గర పిడికెడు విత్తనం ఉందని, అడిగి తెస్తానని చెప్పింది. ఇప్పుడు షెడ్డు గోడ మీద ఓఆర్ఎస్ కంటే, 108 కంటే పైన, మొదటి లైను ఇదే ఉంటుంది: ఎర్రగుడ్డ కట్టిన చెట్టు అవ్వది.